సలాహుద్దీన్ అయ్యూబీ: ముఖం తెలియని సుల్తానుకు వచ్చిన ముఖాలు

దివ్య ఖుర్‌ఆన్‌లోని నూహ్ అధ్యాయంలో ఐదు పేర్లు వస్తాయి: వద్ద్, సువాఅ, యగూస్, యఊఖ్, నస్ర్ (71:23). నూహ్ (అ) ఎంత బోధించినా ఆయన జాతివారు విడిచిపెట్టని ఆరాధ్యుల పేర్లివి. వీరిని గురించి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చేసిన వివరణ సహీహ్ బుఖారీలో ఉన్నది. దాని సారాంశం ఇది: ఈ ఐదుగురూ మొదట దైవాలు కారు. ఆ జాతిలో జీవించి చనిపోయిన పుణ్యపురుషులు. వారు కూర్చుండే చోట్ల తర్వాతివారు ప్రతిమలు నిలిపి, వాటికి వారి పేర్లే పెట్టారు. నిలిపిన తరం వాటిని పూజించలేదు. ఆ తరం గడచిపోయి, వాటిని ఎందుకు నిలిపారన్న జ్ఞానం చెరిగిపోయిన తరువాత పూజ మొదలయింది.

ధర్మవేత్తలు ఈ ఉల్లేఖనాన్ని చిత్రాలు, ప్రతిమలు చేయడం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చలో ప్రస్తావిస్తూ వచ్చారు. ఆ చర్చ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. చరిత్ర చదివేవారికి ఇందులో మరొక సంగతి కూడా కనిపిస్తుంది. ప్రతిమ నిలిచి ఉండగానే మనిషిని గురించిన జ్ఞానం పోయింది. జ్ఞాపకం ఉండాలని నిలిపిన వస్తువే జ్ఞాపకం స్థానంలో వచ్చి కూర్చున్నది. పూజ అన్నది లేకపోయినా ఈ మార్పు జరగవచ్చు. పూజ ఊసే లేని మన కాలపు కూడళ్లలో, కరెన్సీ నోట్ల మీద, సినిమాలలో ఇది జరుగుతూనే ఉన్నది.

మాటల విషయంలో ఒక ఇబ్బంది ఉన్నది. అరబీలో ‘సనమ్’ అంటే పూజలందుకునే విగ్రహం, ‘తిమ్సాల్’ అంటే ఒక రూపాన్ని పోలి చేసిన ప్రతిమ, ‘సూరత్’ అంటే రూపం లేక చిత్రం. తెలుగులో ‘విగ్రహం’ అన్న ఒక్క మాటే గుడిలోని దేవునికీ, నాలుగు రోడ్ల కూడలిలోని నాయకునికీ సరిపోతుంది. అరబీ మాటల మధ్య గీత కూడా నిఘంటువులో కనిపించినంత స్పష్టమైనదేమీ కాదు. హజ్రత్ సులైమాన్ (అ) కోసం జిన్నులు చేసిపెట్టిన వస్తువులను చెప్పేచోట ఖుర్‌ఆన్ ‘తమాసీల్’ అంటుంది (34:13). హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) తన తండ్రినీ, తన జాతినీ నిలదీస్తూ వారి ఆరాధ్యాలను పేర్కొన్నదీ ఆ మాటతోనే (21:52). ఒకే మాట రెండు చోట్లకూ పోతున్నది. అనువాదకులు ఇక్కడ ఆగి ఆలోచించక తప్పదు.

ఈ మార్పు ఎలా జరుగుతుందో చూడడానికి సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మ) చరిత్ర కంటే తగిన ఉదాహరణ దొరకడం కష్టం. ఆయన జీవితాన్ని దగ్గరగా చూసినవారు రాసిన గ్రంథాలు ఉన్నాయి. కట్టించిన కోట ఉన్నది, ఇచ్చిన వక్ఫులున్నాయి. లేనిది ఒక్క ముఖమే. ఇప్పుడు లోకంలో విరివిగా తిరుగుతున్నది ఆ లేని ముఖమే.

సమకాలికులు మిగిల్చినది

ఆయన అసలు పేరు యూసుఫ్. తండ్రి నజ్ముద్దీన్ అయ్యూబ్. సలాహుద్దీన్ అన్నది బిరుదు, ధర్మానికి శ్రేయస్సు కలిగించేవాడు అని అర్థం. హిజ్రీ 532లో (క్రీ.శ. 1137–38) టిగ్రిస్ తీరాన ఉన్న తిక్రీత్ కోటలో ఒక కుర్దు కుటుంబంలో జన్మించారు. పినతండ్రి అసదుద్దీన్ షీర్‌కూహ్ వెంట ఈజిప్టుకు వెళ్లి, 1169లో అక్కడ వజీరు అయ్యారు. 1171లో ఫాతిమీ ఖిలాఫత్‌ను ముగించారు. తన ప్రభువైన నూరుద్దీన్ జంగీ 1174లో మరణించాక దమిష్క్‌ను స్వాధీనం చేసుకున్నారు. 1187 జూలై 4న హిత్తీన్ యుద్ధంలో సలీబీ సైన్యాన్ని ఓడించారు. అదే ఏడాది అక్టోబరు 2న, హిజ్రీ 583 రజబ్ 27న, బైతుల్ మఖ్దిస్‌లో ప్రవేశించారు. 1193 మార్చి 4న దమిష్క్‌లో కన్నుమూశారు.

ఈ జీవితాన్ని దగ్గర నుండి చూసి రాసినవారు ముఖ్యంగా ఇద్దరు. ఒకరు ఆయన కార్యదర్శి ఇమాదుద్దీన్ ఇస్ఫహానీ, రెండవవారు 1188 నుండి సైన్యానికి ఖాజీగా వెంట ఉన్న బహాఉద్దీన్ ఇబ్నె షద్దాద్. మోసుల్ ప్రాంతానికి చెందిన ఇబ్నుల్ అసీర్ మూడవవారు. ఆయన అభిమానం జంగీ వంశం మీద. కనుక సుల్తాను తప్పులను, ముఖ్యంగా సూర్ పట్టణాన్ని సకాలంలో పట్టుకోలేకపోవడాన్ని, ఆయన కనికరం లేకుండా ఎత్తిచూపారు. అభిమానులూ విమర్శకులూ ఇద్దరూ రాసిన మనిషి గనుక సలాహుద్దీన్ మనకు దాదాపు నిండుగా కనిపిస్తారు.

ఇబ్నె షద్దాద్ గ్రంథంలోని చిన్న సంగతులు చదివితే ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలుచున్నట్లు ఉంటుంది. అక్కా ముట్టడి రోజుల్లో నడుము నుండి మోకాళ్ల దాకా కురుపులు లేచి, విస్తరి ముందు కూర్చోలేని స్థితిలో కూడా ఆయన తెల్లవారి నుండి గుర్రం మీద తిరిగేవారు. అలసి ఉన్న వేళ ఒక పాత మమ్లూకు అర్జీ తెచ్చి సంతకం చేయమని పట్టుబట్టాడు. కలమూ సిరాబుడ్డీ దగ్గర లేవు. అవి గుడారం లోపల ఉన్నాయని అతడు చూపిస్తే, సుల్తాను తానే వంగి చేయి చాచి అందుకుని సంతకం చేశారు. ఎత్తుకుపోబడిన పసిబిడ్డ కోసం ఒక ఫ్రాంకు స్త్రీ ఏడుస్తూ వస్తే, సంతలో అమ్ముడైపోయిన ఆ బిడ్డను వెతికించి, సొమ్ము చెల్లించి తల్లి చేతికి ఇప్పించారు. అప్పుడు ఆయనా కంటతడి పెట్టారు. మరణించిన నాటికి ఖజానాలో 47 నాసిరీ దిర్హములు, ఒక్క బంగారు నాణెం మాత్రమే మిగిలాయి.

ఇన్ని రాసిన ఇబ్నె షద్దాద్ ఆయన ముఖాన్ని వర్ణించలేదు. మరచిపోయి కాదు. జీవితచరిత్ర అంటే గుణాలు, పనులు, మాటలు అన్నది ఆ సంప్రదాయం. ప్రవక్త (స) రూపవర్ణన సహాబాల నోట ఎంత శ్రద్ధగా మనదాకా వచ్చిందో తెలిసినవారికి, ఒక సుల్తానుకు ఆ గౌరవం అవసరమని తోచకపోవడం సహజంగానే కనిపిస్తుంది.

ఆయన పేర బొమ్మ ఉన్న వస్తువు ఒక్కటి మాత్రం ఉన్నది. హిజ్రీ 587 ప్రాంతంలో మయ్యాఫారిఖీన్‌లో వేసిన రాగి దిర్హము మీద, ఆసనంపై కూర్చున్న తలపాగా ధరించిన ఒక రాజు కనిపిస్తాడు. ఆ ప్రాంతపు అర్తుఖీ రాజులు బైజాంటైన్ నాణేల బొమ్మలను కూడా తమ రాగి నాణేల మీద దింపుకొన్నవారు. సంతలో నాణెం చెల్లాలంటే అలవాటైన తరహా ఉండాలి. ఆ బొమ్మ రాజు అన్న పదవికి గుర్తు, అయ్యూబ్ కుమారుడు యూసుఫ్ పోలిక అనుకోవడానికి ఆధారం లేదు.

శత్రువు గీసిన బొమ్మ

ఆయనకు మొట్టమొదట ముఖం ఇచ్చినది ఆయనతో యుద్ధం చేసినవారి సంతతి. పదమూడవ శతాబ్దంలో ఇంగ్లండులోని చెర్ట్సీ మఠం నేలపలకల మీద రిచర్డ్ రాజు గుర్రం మీద నుండి ఒక యోధుని బల్లెంతో పొడుస్తున్న బొమ్మ ఉన్నది. ఆ యోధుడు సలాహుద్దీనేనని చెబుతారు. 1325–40 మధ్య తయారైన లట్రెల్ కీర్తనల గ్రంథంలో ఇదే ద్వంద్వయుద్ధం రంగుల్లో ఉన్నది. అందులో సుల్తాను ముఖం నీలిరంగు పూసిన వికృతరూపం. నిజానికి రిచర్డ్, సలాహుద్దీన్ ఒకరినొకరు ఎన్నడూ ముఖాముఖి చూసుకోలేదు. రాయబారాలు నడిచాయి, సుల్తాను సోదరుడు అల్ ఆదిల్ రిచర్డ్‌ను కలిశాడు, 1192లో సంధి కుదిరింది. వారిద్దరూ బల్లెంతో తలపడిన రోజు అంటూ ఒకటి లేదు. చిత్రకారుడికి ఆ రోజు కావలసి వచ్చింది.

మరోవైపు మెచ్చుకోలు కూడా మొదలయింది. ఇటలీ కవి దాంతే తన కావ్యంలో ఆయనను నరకయాతన లేని చోట, పుణ్యాత్ములైన అన్యమతస్థుల నడుమ, ఒంటరిగా నిలిపాడు. బొకాచియో కథలలో ఆయన తెలివైన ఉదార ప్రభువు. పదహారవ శతాబ్దంలో పావోలో జోవియో అనే మతాధికారి లోకప్రసిద్ధుల పటాలు సేకరించాడు. ఫ్లారెన్స్ పాలకుడు కోసిమో దె మెదీచి వాటికి నకళ్లు తీయించడానికి క్రిస్తోఫానో దెల్ అల్తిస్సిమో అనే చిత్రకారుణ్ణి పంపాడు. ఆ వరుసలో 1568కి ముందు తయారైన సలాహుద్దీన్ పటం నేడు ఉఫీజీ చిత్రశాలలో ఉన్నది. ఆయన చనిపోయిన దాదాపు 370 ఏళ్లకు, ఆయన దేశాన్ని చూడనివారి ఊహ నుండి పుట్టిన ముఖమిది. పుస్తకాల అట్టల మీదా, జుమా సందేశాలతో పాటు ఫోన్లలోనూ ‘సలాహుద్దీన్ అయ్యూబీ’ అని మనవారు పంచుకునే బొమ్మలలో ఇది ఒకటి. మరొకటి 1877లో ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ దోరే, మిషో రాసిన సలీబీ యుద్ధాల చరిత్ర కోసం గీసినది. బైతుల్ మఖ్దిస్‌ను విముక్తం చేసిన వ్యక్తిని తలచుకోవడానికి సలీబీ చరిత్ర గ్రంథపు బొమ్మను వాడుతున్నామన్న సంగతి ఆ పంచుకునేవారిలో ఎందరికి తెలుసు?

1779లో లెసింగ్ జర్మన్ నాటకమూ, 1825లో వాల్టర్ స్కాట్ ఆంగ్ల నవల ‘ది టాలిస్‌మన్’ వచ్చేసరికి యూరప్‌లో ఆయన రూపం స్థిరపడిపోయింది. అక్కడ ఆయన మర్యాద తెలిసిన, ధైర్యవంతుడైన, దాదాపు క్రైస్తవ వీరునికి కావలసిన గుణాలన్నీ ఉన్న ఒక తూర్పు రాజు. ఆయన ఐదు పూటల నమాజు, జిహాద్ గ్రంథాల పట్ల ఆయన ఆసక్తి, మత విషయంలో ఆయన కఠినత్వం ఈ రూపంలో ఇమడవు గనుక వదిలివేయబడ్డాయి.

ఈ యూరపు రూపం ముస్లిం దేశాలకు తిరిగి వచ్చిన రోజు కూడా మనకు తెలుసు. 1898 నవంబరులో జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ దమిష్క్ వచ్చి సుల్తాను సమాధిని దర్శించాడు. విందులో ప్రసంగిస్తూ సలాహుద్దీన్‌ను కొనియాడి, లోకంలోని 30 కోట్ల ముస్లిములకు తాను మిత్రుడనని ప్రకటించాడు. సమాధి మీద బంగారు పూత పూసిన కంచు దండ పెట్టించాడు. బ్రిటన్, ఫ్రాన్సుల వలసలలో మగ్గుతున్న ముస్లిములను తనవైపు తిప్పుకోవాలన్న ఆశ ఆ దండ వెనుక ఉన్నది. 1918 అక్టోబరులో దమిష్క్ పతనమయ్యాక లారెన్స్ ఆ దండను తీసుకుపోయాడు. సలాహుద్దీన్‌కు ఇక దాని అవసరం లేదన్న అర్థంలో ఒక చీటీ రాసి ఇచ్చాడు. అది నేడు లండన్‌లోని యుద్ధ మ్యూజియంలో ఉన్నది. ఒక చక్రవర్తి తన రాజకీయం కోసం పెట్టిన దండను మరో సామ్రాజ్యపు ఉద్యోగి తన రాజకీయం కోసం తీసివేశాడు. లోపల పడుకున్న మనిషికి పెట్టినదీ తెలియదు, తీసినదీ తెలియదు.

ముస్లిములు సలాహుద్దీన్‌ను మరచిపోయారనీ, విల్‌హెల్మ్ వచ్చి గుర్తు చేశాడనీ కొందరు పాశ్చాత్య చరిత్రకారులు రాశారు. ఇది అతిశయోక్తి. తుర్కీ రచయిత నామిక్ కెమాల్ 1872లోనే ఆయన జీవితచరిత్ర రాశాడు. అంతకు చాలా ముందు, పదిహేనవ శతాబ్దం చివర ఖాజీ ముజీరుద్దీన్ రాసిన బైతుల్ మఖ్దిస్ చరిత్రలో ఆయన ప్రస్తావన విస్తారంగా ఉన్నది. ఆ నగరంలో సలాహియా మద్రసా, సలాహియా ఖాన్‌ఖాహ్ పేర్లు వక్ఫు వ్యవహారాలలో తరతరాలుగా పలుకుతూ వచ్చాయి. నూరుద్దీన్ 1168లో హలబ్‌లో చేయించడం మొదలుపెట్టిన మింబరును సలాహుద్దీన్ తెచ్చి మస్జిదె అఖ్సాలో నిలిపారు. 1969 ఆగస్టు 21న ఒక విదేశీయుడు పెట్టిన మంటలో అది కాలిపోయేదాకా ఎనిమిది వందల ఏళ్లపాటు ఖతీబులు దాని మీద నుండే ఖుత్బా ఇచ్చారు. ఆ నకలు 2007లో మళ్లీ అక్కడ నిలబడింది. ముఖం లేకపోయినా జ్ఞాపకం ఉన్నది. దానికి వేరే దారి ఉండేది, అంతే.

రాజ్యాలు నిలిపిన విగ్రహాలు

ఇరవయ్యో శతాబ్దపు అరబ్ రాజ్యాలకు ఈ దారి చాలలేదు. ఈజిప్టు, సిరియాలు 1958లో ఐక్య అరబ్ రిపబ్లిక్‌గా కలిశాయి. సలాహుద్దీన్ ఏకం చేసిన దేశాలు కూడా ఇవే కావడంతో పోలిక దానంతట అదే వచ్చింది. కైరో కోటగోడ మీద తల విరిగిపోయిన ఒక గద్ద శిల్పం ఉన్నది. అది సలాహుద్దీన్ సొంత చిహ్నమనడానికి గట్టి ఆధారం లేకపోయినా ‘సలాహుద్దీన్ గద్ద’ అన్న పేరుతో రాజ్యచిహ్నమైంది. ఇరాక్, యెమెన్, పాలస్తీనా చిహ్నాలలోకి కూడా ఎగిరింది.

ఆ ఐక్య రాజ్యం 1961లో విడిపోయింది. రెండేళ్లకు, 1963లో, యూసుఫ్ షాహీన్ దర్శకత్వంలో ‘అన్నాసిర్ సలాహుద్దీన్’ చిత్రం వచ్చింది. ‘అల్ మలికున్నాసిర్’ అన్నది నిజంగా సుల్తాను రాజబిరుదే. కాని 1963లో కైరోలో ‘నాసిర్’ అంటే ఎవరు తలపుకు వస్తారో చెప్పనక్కరలేదు. అశ్వికదళంలో అధికారిగా పనిచేసిన అహ్మద్ మజ్‌హర్ గుర్రమెక్కి, సలాహుద్దీన్ పాత్రను చక్కగానే నటించాడు. ఒక తరం అరబ్బులకు ఆయన ముఖమే సుల్తాను ముఖమయింది. ఈ చిత్రంలో సుల్తాను అరబ్ ఐక్యతకు నాయకుడు, కుర్దు అన్న సంగతికి చోటు లేదు. ఇంకా ఆశ్చర్యమైనది ఈసా అల్ అవ్వామ్ పాత్ర. ఇబ్నె షద్దాద్ రాసిన ఈసా ఒక ముస్లిం ఈతగాడు. ముట్టడిలో ఉన్న అక్కా నగరానికి నడుముకు బంగారమూ, ఉత్తరాలూ కట్టుకుని, రాత్రివేళ శత్రు ఓడల కింద నుండి ఈది చేరవేసేవాడు. ఒక రాత్రి మునిగి చనిపోయాడు. కొన్ని రోజులకు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అప్పగించిన సొమ్ము నడుముకు అలాగే ఉన్నది. బతికి ఉండగానే కాదు, చనిపోయాక కూడా అమానతును చేరవేసినవాడని ఇబ్నె షద్దాద్ మెచ్చుకొన్నాడు. సినిమాలో ఈ ఈసా క్రైస్తవ అరబ్బు సేనాని. ముస్లిములూ క్రైస్తవులూ కలిసి నిలవాలన్న సందేశం మంచిదే. దాని కోసం అక్కా సముద్రంలో మునిగిపోయిన ఒక పేద ఈతగాడు రెండోసారి మునిగిపోయాడు.

దమిష్క్‌లో 1992లో కోట ముందు, హమీదియా బజారు దగ్గర పెద్ద కంచు విగ్రహం నిలిపారు. శిల్పి అబ్దుల్లా అస్సయ్యిద్. సుల్తాను గుర్రం మీద ఉంటాడు. పక్కన ఒక కాల్బంటు, ఒక సూఫీ నడుస్తుంటారు. గుర్రం వెనుక ఓడిపోయిన ఇద్దరు ఫ్రాంకులు కూలబడి ఉంటారు. ఒకడు జెరూసలేం రాజు గయ్, మరొకడు కరక్ కోట ప్రభువు రెజినాల్డ్. సుల్తానును ఒక్కడిగా కాక ప్రజలలో ఒకడిగా చూపాలన్న శిల్పి ఆలోచన ఆ కాల్బంటులోనూ, సూఫీలోనూ కనిపిస్తుంది. రాజుల విగ్రహాలలో ఇది మెచ్చదగిన సంగతే.

అయినా గ్రంథాలు చదివినవారు ఆ విగ్రహం ముందు కొంత తడబడతారు. గయ్, రెజినాల్డ్ అక్కడ ఒకే వరుసలో ఉన్నారు. హిత్తీన్ సాయంత్రం గుడారంలో వారిద్దరి గతి ఒకటి కాదు. దాహంతో ఉన్న గయ్‌కు సుల్తాను మంచు కలిపిన పానీయం ఇప్పించారు. అతడు దానిని రెజినాల్డ్‌కు అందిస్తే, ఇచ్చినది నీవేగాని నేను కాదని స్పష్టం చేశారు. అన్నపానీయాలు ఇచ్చిన బందీకి ప్రాణభయం లేదన్నది అరబ్బుల ఆనవాయితీ. సంధిని కాలరాసి బాటసారుల బిడారులను దోచిన రెజినాల్డ్‌ను ఆ తరువాత తన చేతితోనే వధించి, గయ్‌కు అభయమిచ్చారు. ఆ గుడారంలో ఒకరికి శిక్ష, ఒకరికి రక్షణ. కంచులో ఇద్దరూ ఓటమికి గుర్తులు మాత్రమే. ఆ సూఫీ సంగతి మరీ ఇబ్బందికరం. హిత్తీన్ తరువాత పట్టుబడిన టెంప్లర్, హాస్పిటలర్ యోధులను చంపమని సుల్తాను ఆజ్ఞ అయినప్పుడు, దండులో ఉన్న పండితులు, సూఫీలలో కొందరు ఆ పని తమకిమ్మని అడిగి తీసుకున్నారని ఇమాదుద్దీన్ స్వయంగా రాశాడు. వారిలో కొందరికి కత్తి పట్టడం కూడా చేతకాలేదు. బైతుల్ మఖ్దిస్‌లో పురుషునికి 10, స్త్రీకి 5 దీనార్ల పరిహారంతో జనాన్ని ప్రాణాలతో విడిచిపెట్టిన మనిషీ, ఈ ఆజ్ఞ ఇచ్చిన మనిషీ ఒక్కరే. అంత దయలోనూ పరిహారం కట్టలేని వేలాది పేదలు బానిసలయ్యారు. 1099లో సలీబీలు అదే నగరంలో చేసిన ఊచకోతతో పోలిస్తే ఆయన ఔదార్యం ఎంత గొప్పదో తెలుస్తుంది. కాని పోల్చడానికి ముందు రెండు లెక్కలూ మన దగ్గర ఉండాలి.

విగ్రహం నిలిపిన ప్రభుత్వానికి ఇవన్నీ అవసరం లేదు. హాఫిజ్ అల్ అసద్ కార్యాలయంలో హిత్తీన్ యుద్ధచిత్రం ఉండేదనీ, వచ్చిన అతిథులు దానిని చూసేవారనీ ఆయనను కలిసిన విదేశీ నాయకులు రాశారు. ఇజ్రాయెల్‌ను ఎదిరించే నాయకుడిగా తన వెనుక ఒక పూర్వీకుడు నిలబడి ఉండాలి. ఆ పూర్వీకుడు కుర్దు. 1962లో హసకా ప్రాంతంలో జరిపిన జనగణనతో సుమారు 1,20,000 మంది సిరియా కుర్దులు పౌరసత్వం కోల్పోయారు. 1992లో కుర్దు సుల్తాను విగ్రహం రాజధానిలో లేచినప్పుడు వారూ, వారి పిల్లలూ ఇంకా ఏ దేశానికీ చెందనివారే. 2011లో గాని ఆ ఉత్తర్వు సవరించబడలేదు.

ఇరాక్‌లో ఇది ఇంకా ముదిరింది. సద్దాం హుసేన్ తిక్రీత్ దగ్గరి అల్ ఔజా గ్రామంలో పుట్టాడు. ఆ ఒక్క చుట్టరికం చాలింది. 1976లో తిక్రీత్ ఉన్న జిల్లాలకు సలాహుద్దీన్ రాష్ట్రమని పేరు వచ్చింది. 1987లో పిల్లల కోసం వెలువడిన ఒక పుస్తకం సుల్తాను కథతో మొదలై, ‘రెండవ సలాహుద్దీన్’ అంటూ సద్దాం కథగా సాగింది. గోడచిత్రాలలో ఇద్దరూ పక్కపక్కన నిలిచారు. బాగ్దాద్ రిపబ్లికన్ ప్యాలెస్ పైన సద్దాంవి నాలుగు పెద్ద కంచు తలలు, పాతకాలపు యోధుని శిరస్త్రాణాలతో ఉండేవి. చూసినవారు వాటి అర్థం అడగవలసిన అవసరం లేకపోయింది. పిల్లల పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1988 మార్చి 16న, హలబ్జా పట్టణంపై విషవాయువు ప్రయోగించారు. సుమారు 5,000 మంది చనిపోయారు. వారు కుర్దులు. తిక్రీత్ కోటలో పుట్టిన యూసుఫ్ బిన్ అయ్యూబ్ జాతివారు. ‘అన్‌ఫాల్’ అని ఖుర్‌ఆన్ అధ్యాయం పేరు పెట్టి ఆ ఏడాది వారి గ్రామాలను నేలమట్టం చేసినది, గోడల మీద ఆయన పక్కన బొమ్మ వేయించుకున్న ప్రభుత్వమే.

ఒక మనిషి గుర్తుగా మారినప్పుడు ఇది సాధ్యపడుతుంది. మనిషిగా ఉన్నంతవరకు ఆయన తల్లిదండ్రులు, భాష, జాతి, తప్పులు, అప్పులు అన్నీ వెంట ఉంటాయి. వాటిని తప్పించి ఆయనను వాడుకోవడం కుదరదు. గుర్రమూ, కత్తీ, గడ్డమూ మాత్రమే మిగిలిన తరువాత ఆ గుర్రం మీద ఎవరి తలనైనా పెట్టవచ్చు. అప్పట్లో సిరియా, ఇరాక్ రెండింటినీ బాస్ పార్టీలే ఏలుతుండేవి, రెండూ ఒకదానికొకటి బద్ధవిరోధులు. ఒకే సుల్తాను ఇద్దరికీ పూర్వీకుడయ్యాడు.

మాటలతో చెక్కినవి

ఇక్కడ మన పాఠకులు కొంత తేలికగా ఊపిరి పీల్చుకోవచ్చు: మనం విగ్రహాలు నిలపం గదా అని. ఆ తేలికదనానికి ఆధారం తక్కువ. ప్రతిమ చెక్కడానికి కంచే కావాలని లేదు.

స్కాట్ నవలలో ముస్లిములను చూపిన తీరుకు నొచ్చుకొని, అబ్దుల్ హలీమ్ షరర్ 1888లో ‘మలికుల్ అజీజ్ వర్జినా’ అనే ఉర్దూ నవల రాశాడు. ఉర్దూ చారిత్రక నవలకు ఇదే ఆరంభమని చెబుతారు. సలీబీ యుద్ధాల కాలపు కథ అది. సుల్తాను కుమారునికీ ఒక క్రైస్తవ రాకుమార్తెకూ మధ్య ప్రేమ అందులోని ఇతివృత్తం. స్కాట్‌కు జవాబు స్కాట్ అచ్చులోనే పోసినది. తరువాత వచ్చిన అల్తమష్ నవల ‘దాస్తాన్ ఈమాన్ ఫరోషోం కీ’ ఉర్దూ చదివే ఇళ్లలో, హైదరాబాద్ మొదలుకొని కర్నూలు, గుంటూరు వరకు, చేతులు మారుతూ నలిగినది. అందులో సుల్తాను చుట్టూ గూఢచారులు, వలపు వలలు, కుట్రలు. ఆసక్తిగా చదివించే రచనే, సందేహం లేదు. కాని దానిని చదివి సలాహుద్దీన్ చరిత్ర తెలిసిందనుకున్నవారు ఎందరో. 2005 నాటి హాలీవుడ్ చిత్రంలో సిరియా నటుడు గస్సాన్ మసూద్, 2023లో మొదలైన తుర్కీ ధారావాహికలోని నటుడు ఇప్పటి పిల్లలకు ఆ నవలల స్థానంలో ఉన్నారు.

ఈ మాటల ప్రతిమలలో కూడా కొన్ని సంగతులు ఇమడవు. 1174 నుండి 1186 దాకా, అంటే అధికారంలో ఉన్న కాలంలో పెద్ద భాగం, సుల్తాను ఎక్కువగా పోరాడినది తోటి ముస్లిం ప్రభువులతో. నూరుద్దీన్ వారసుల నుండి హలబ్‌ను 1183లో తీసుకున్నారు, మోసుల్‌ను లొంగదీయడానికి మరి మూడేళ్లు పట్టింది. అది ఐక్యత కోసమా, తన వంశం కోసమా అని ఆయన కాలంలోనే అడిగారు. ఇబ్నుల్ అసీర్ రాతలో ఆ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. 1191లో తత్వవేత్త షిహాబుద్దీన్ సుహ్రవర్దీ హలబ్‌లో ఆయన ఆజ్ఞ మీదనే చంపబడ్డాడు. ఇబ్నె షద్దాద్ దీనిని సుల్తాను ధర్మనిష్ఠకు నిదర్శనంగా రాశాడు, మనం అలా చదవగలమా అన్నది వేరే మాట. వీటిని చెబితే ఆయన గౌరవం తగ్గుతుందని భయపడేవారున్నారు. ఇబ్నె షద్దాద్ భయపడలేదు. ఆయన తన సుల్తానును ప్రేమించాడు, ఆ ప్రేమలోనే కురుపుల సంగతీ రాశాడు, అక్కా చేజారిన రోజు సుల్తాను పడిన బాధనూ రాశాడు.

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దౌస్ కూడలిలో సద్దాం విగ్రహం కూలింది. ప్యాలెస్ మీది నాలుగు తలలను ఆ డిసెంబరులో దింపారు. 2024 డిసెంబరులో సిరియాలో అసద్ కుటుంబపు పాలన పడిపోయినప్పుడు హాఫిజ్ అల్ అసద్ విగ్రహాలను ఊరూరా జనం కూల్చారు. ఆయన హయాంలోనే లేచిన కోట ముందరి కంచు గుర్రం జోలికి మాత్రం పోలేదు.

ఆ గుర్రానికి కొద్ది దూరంలో, ఉమవీ మస్జిదు ఉత్తర గోడ పక్కన, చిన్న తోట మధ్య సుల్తాను సమాధి ఉన్నది. మొదట కోటలో ఖననం చేసిన శరీరాన్ని కొన్నేళ్ల తరువాత కుమారులు ఇక్కడికి మార్చారు. లోపల రెండు పేటికలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి తెల్లని పాలరాతిది, నగిషీలతో మెరుస్తుంది. విల్‌హెల్మ్ చక్రవర్తి కానుక అని చెబుతారు. రెండవది పాత చెక్కది. లోపలికి వచ్చినవారి చూపు ముందుగా పాలరాతి దాని మీద పడుతుంది. అది ఖాళీది. సుల్తాను చెక్కపేటిక కింద ఉన్నారు.